పోలికలు పైవాళ్ళవి, చావులు కిందివాళ్ళవి

యుద్ధం చెయ్యదలుచుకున్న ప్రతి ప్రభుత్వమూ ముందుగా ఒక పాత యుద్ధాన్ని వెతికి పట్టుకుంటుంది. "ఆనాడు ఊరుకున్నందుకు ఏమైందో చూశారుగా! ఈనాడూ ఊరుకుందామా?" అని జనాన్ని నిలదీస్తుంది. యుద్ధం బెడిసికొట్టాక దాన్ని తప్పుపట్టేవాళ్ళు ఇంకో పాత యుద్ధాన్ని తీసుకొస్తారు. "ఆనాడూ ఇట్లాగే ఊబిలో దిగారు, ఈనాడూ దిగారు" అంటారు. ఇక అక్కణ్ణించి పత్రికల్లో, చట్టసభల్లో, టీవీల్లో ఏళ్ళ తరబడి ఒకటే రభస. ఈ యుద్ధం ఆ యుద్ధం లాంటిదా, కాదా?

ఈ రభసలో పెద్ద ఉద్యోగాలు చేసి దిగినవాళ్ళుంటారు, మాజీ సేనాధిపతులుంటారు, చరిత్ర ప్రొఫెసర్లుంటారు. బాంబు పడిన ఊరివాళ్ళుండరు. తుపాకీ మోసిన కూలోడి కొడుకు ఉండడు. వాదించేవాళ్ళలోనూ వాళ్ళు లేరు, పోల్చి చూసే విషయాల్లోనూ లేరు. మేం ఈ వ్యాసం రాయటానికి కారణం అదే. "అమెరికావాడి యుద్ధాల గొడవ మన వాడకెందుకు?" అని కొందరు మిత్రులు అడుగుతారు. వాళ్ళకు జవాబు కూడా ఇందులోనే చెబుతాం.

సమానధర్మం ఎవడు తేల్చాడు?

బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం గనక మాకు తెలిసిన దారిలోనే మొదలుపెడతాం. హైస్కూలు తెలుగు వాచకంలో ఉపమాలంకారం ఉంటుంది. దానికి నాలుగు అంగాలు. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. "ఆమె ముఖం చంద్రబింబం వలె అందంగా ఉంది" అన్నప్పుడు ముఖం ఉపమేయం, చంద్రబింబం ఉపమానం, అందం సమానధర్మం, వలె అన్నది ఉపమావాచకం. పిల్లలు ఇది బట్టీపట్టి పరీక్షలో రాసేస్తారు. కానీ చంద్రుడిలో మచ్చ కూడా ఉందిగదా! కవి ఆ మచ్చ వదిలేసి అందం ఒక్కటే ఎత్తుకున్నాడు. కవికి అది చెల్లుతుంది. ఏలేవాడికి చెల్లదు.

యుద్ధాల పోలికలో మోసమంతా ఆ మూడో అంగంలోనే ఉంది. రెండు యుద్ధాలకూ సమానధర్మం ఏమిటి? దాన్ని ఎవడు తేల్చాడు? తనకు పనికిరానిది ఏం వదిలేశాడు? ఈ ప్రశ్న దగ్గర పెట్టుకుని గత ఎనభై తొంభై ఏళ్ళ చరిత్ర చూద్దాం.

మ్యూనిక్ కథ

1938 సెప్టెంబరులో బ్రిటన్, ఫ్రాన్సు ప్రధానులు జర్మనీలోని మ్యూనిక్ నగరంలో హిట్లరుతో ఒప్పందం చేసుకున్నారు. చెకొస్లవేకియా దేశంలోని సుడేటెన్ ప్రాంతాన్ని అతనికి అప్పజెప్పారు. ఆ దేశం ప్రతినిధులను ఆ చర్చల్లో కూర్చోనివ్వలేదు. ఇల్లు ఒకడిది, పంచేది వేరేవాళ్ళు. హిట్లర్ అంతటితో ఆగలేదు. ఆరు నెలల్లో మిగతా చెక్ భూభాగాన్నీ మింగాడు. 1939 సెప్టెంబరులో పోలండు మీద పడ్డాడు. దుర్మార్గుడికి లొంగితే ఇంకా పేట్రేగిపోతాడన్నది ఈ కథలోంచి తీసిన నీతి.

ఆ నీతి అబద్ధం కాదు. అయితే ఆ తర్వాత ఆ నీతిని ఎవరు ఎవరిమీద ప్రయోగించారో చూడండి. 1956లో ఈజిప్టు నాయకుడు నాసర్ తన గడ్డమీద ఉన్న సూయజ్ కాలవని జాతీయం చేశాడు. బ్రిటన్ ప్రధాని ఈడెన్‌కి వెంటనే హిట్లరూ ముస్సోలినీ గుర్తొచ్చారు. బ్రిటన్, ఫ్రాన్సు, ఇజ్రాయెల్ కలిసి ఈజిప్టు మీద దాడి చేశాయి. నిన్నమొన్నటిదాకా వలసలేలినవాడు తన కాలవ తనదన్న నల్లదేశాన్ని హిట్లర్ అంటున్నాడు!

1965 జులై 28న అమెరికా అధ్యక్షుడు జాన్సన్ పత్రికలవాళ్ళ ముందు నిలబడి, వియత్నాంలో సైన్యాన్ని 75 వేల నుంచి 1 లక్షా 25 వేలకు పెంచుతున్నానని ప్రకటించాడు. నెలకు 17 వేల మందిని బలవంతపు సైనిక సేవలోకి తీసుకుంటున్నది 35 వేలకు పెంచుతానన్నాడు. ఎందుకయ్యా అంటే హిట్లరు, మ్యూనిక్ పేరే చెప్పాడు. జర్మనీ ఎక్కడ, వియత్నాం ఎక్కడ? ఒకటి ఫ్యాక్టరీలు, ట్యాంకులు, విమానాలు దండిగా ఉండి పక్కదేశాలను మింగిన రాజ్యం. రెండోది ఫ్రెంచివాడి పాలన కింద నలిగి, 1954లో వాణ్ణి వెళ్ళగొట్టిన వరిపొలాల దేశం. బోడిగుండుకీ మోకాలికీ ముడి పెట్టటమంటే ఇదే.

అంతకు ముందు ఏడాది, 1964 ఆగస్టులో, టాంకిన్ సింధుశాఖలో తమ ఓడల మీద రెండుసార్లు దాడి జరిగిందని అదే ప్రభుత్వం చెప్పింది. ఆగస్టు 4న జరిగిందన్న రెండో దాడి అసలు జరగనేలేదని తర్వాత తేలింది. కానీ ఆ కథ చెప్పి అమెరికా చట్టసభల చేత తీర్మానం చేయించుకున్నారు. కింది సభలో 416 ఓట్లు అనుకూలం, వ్యతిరేకం సున్నా. సెనేటులో 88 అనుకూలం, వ్యతిరేకం 2. ఆ తీర్మానం పట్టుకునే 1969 నాటికి 5 లక్షల 40 వేలకు పైగా సైనికులను వియత్నాంలో దించారు.

ఇరాక్ ఇంకో వియత్నామా?

వియత్నాంలో ఓడిన తర్వాత అమెరికా జనం పరాయిదేశాలకు సైన్యం పంపటమంటే భయపడ్డారు. తల్లులు భయపడ్డారు. ఆ భయానికి అక్కడి ఏలికలు "వియత్నాం సిండ్రోమ్" అని పేరు పెట్టారు. అంటే యుద్ధం వద్దనుకోవటం ఒక జబ్బన్నమాట! 1990లో సద్దాం హుస్సేన్ కువైట్‌ని ఆక్రమించినప్పుడు పెద్ద బుష్ అతన్ని హిట్లర్‌తో పోల్చాడు. సద్దాం నియంత, 1988లో హలబ్జాలో కుర్దుల మీద విషవాయువు వదిలినవాడు. అందులో మాకు రెండో అభిప్రాయం లేదు. కానీ ఆ విషవాయువు వదిలిన రోజుల్లో అమెరికా అతని వెనకే ఉంది. అప్పుడు హిట్లర్ గుర్తు రాలేదు. 1991లో ఆ యుద్ధం గెలిచాక, వియత్నాం సిండ్రోమ్‌ని ఇక శాశ్వతంగా వదిలించేశామని పెద్ద బుష్ సంబరపడ్డాడు.

చిన్న బుష్ 2003 మార్చిలో ఇరాక్ మీద దండెత్తాడు. సామూహిక మారణాయుధాలున్నాయని కారణం చెప్పాడు. ఏప్రిల్ 9న బాగ్దాద్ పడిపోయింది. ఆయుధాల నిల్వలు లేవని 2004లో వాళ్ళ సొంత తనిఖీ బృందమే తేల్చింది. ఈ లోపల ఇరాక్‌లో రోజూ బాంబులు, రోజూ శవాలు. 2004 ఏప్రిల్‌లో సెనేటర్ ఎడ్వర్డ్ కెనడీ, ఇరాక్ అంటే జార్జి బుష్ వియత్నాం అన్నాడు. అక్కణ్ణించి రచ్చ మొదలైంది. ఆ నెలలోనే పత్రికలవాళ్ళు బుష్‌ని అడిగితే, ఆ పోలిక తప్పు, అట్లాంటి మాటలు మన సైనికులకూ శత్రువుకూ తప్పుడు కబురు పంపుతాయని కసిరాడు.

మూడేళ్ళు గడిచాయి. 2007 ఆగస్టు 22న కాన్సాస్ సిటీలో మాజీ సైనికుల సభలో అదే బుష్ తానే వియత్నాం పేరెత్తాడు. ఎందుకెత్తాడు? యుద్ధం తప్పని ఒప్పుకోవటానికి కాదు. వియత్నాం నుంచి మనం వచ్చేశాక లక్షల అమాయకులు నష్టపోయారు, పడవల్లో పారిపోయారు, కంబోడియాలో వధ్యభూములు వెలిశాయి, కనక ఇరాక్ నుంచి రాకూడదు, ఇదీ వాదన. 2004లో తప్పయిన పోలిక 2007లో ఒప్పయింది. మారిందల్లా సమానధర్మం. కెనడీకి సమానధర్మం ఊబి. బుష్‌కి సమానధర్మం ఊబిలోంచి బయటికి రావటం.

కంబోడియా మాటెత్తినప్పుడు బుష్ వదిలేసిన మచ్చ కూడా చూద్దాం. పోల్‌పాట్ ముఠా 1975 నుంచి 1979 దాకా సొంత జనాన్ని లక్షల్లో చంపిన మాట నిజం. కానీ 1969 నుంచి 1973 దాకా కంబోడియా పల్లెల మీద అమెరికా బాంబులు కురిపించిందిగదా! 1979 జనవరిలో ఆ ముఠాను దించింది వియత్నాం సైన్యం. ఆ తర్వాత కూడా ఐక్యరాజ్యసమితిలో కంబోడియా కుర్చీ పోల్‌పాట్ పక్షానికే ఉండాలని ఓటేసింది అమెరికా. ఇవన్నీ కలిపి చెబితే పోలిక నిలబడదు. అందుకే చెప్పలేదు.

లెక్కలో లేనివాళ్ళు

ఇంతకీ ఈ రెండు పక్షాలూ లెక్కపెట్టింది ఎవరిని? వాషింగ్టన్‌లో 1982లో కట్టిన నల్లరాతి గోడ ఉంది. వియత్నాంలో చనిపోయిన అమెరికా సైనికుల పేర్లు 58 వేలకు పైగా ఆ రాతి మీద చెక్కారు. ఆ పేర్లను మేం తక్కువ చెయ్యటం లేదు. వాటిలో చాలా పేర్లు పేదింటి పిల్లలవే. ఇరాక్‌లో 2011 దాకా చనిపోయిన అమెరికా సైనికులు నాలుగున్నర వేలమంది దాకా ఉన్నారు. "58 వేలకీ నాలుగున్నర వేలకీ పోలికేమిటి, ఇరాక్ వియత్నాం కాదు" అని ఒక పక్షం. "సంఖ్య కాదు, దారి చూడండి" అని రెండో పక్షం. రెండు పక్షాల తక్కెట్లోనూ తూచింది అమెరికా ప్రాణాన్నే.

వియత్నాంలో ఎంతమంది పోయారు? 1995లో ఆ దేశ ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం 11 లక్షల మంది పోరాడినవాళ్ళు, 20 లక్షల మంది మామూలు జనం. పైగా 1971 దాకా ఆ అడవుల మీద, చేల మీద ఏడు కోట్ల లీటర్లకు పైగా ఆకురాల్చే విషం చల్లారు. దాని ఫలితం ఇంకా పిల్లల ఒంట్లో చూస్తున్నామని ఆ దేశం చెబుతూనే ఉంది. ఇరాక్‌లో పత్రికల్లో వచ్చిన వార్తలూ ఆసుపత్రి రికార్డులూ కలిపి ఒక్కో చావునీ నమోదు చేసినవాళ్ళ లెక్కలోనే మామూలు జనం లక్షా ఎనభై వేలు దాటారు. ఇంటింటికీ తిరిగి సర్వే చేసినవాళ్ళు 2006 నాటికే ఆరు లక్షలు దాటిందన్నారు. ఆ లెక్క మీద నిపుణుల మధ్య తగాదా ఉంది. ఉండనివ్వండి. బుష్‌ని 2005 డిసెంబరులో అడిగితే ఏం చెప్పాడు? ముప్పై వేలు, కాస్త అటూ ఇటూగా అన్నాడు. సొంత సైనికుల దగ్గర ఒక్కటి కూడా అటూ ఇటూ కాదు. పరాయి జనం దగ్గరకొచ్చేసరికి వేలకు వేలు అటూ ఇటూ.

ఇక్కడొక తేడా ఉంది, గమనించండి. వియత్నాంలో సైన్యం శవాలను లెక్కపెట్టేది. ఎన్ని శవాలు చూపిస్తే అంత గెలిచినట్టు. అందుకని పొలంలో చచ్చిన రైతుని కూడా శత్రువు కింద రాసేవాళ్ళు. ఆ లెక్కలతో పరువు పోయాక పద్ధతి మార్చారు. 2002లో అఫ్ఘనిస్తాన్ యుద్ధం నడిపిన సేనాధిపతి టామీ ఫ్రాంక్స్, మేం శవాల లెక్క చూడం అని తేల్చేశాడు. ఒకచోట ఎక్కువ లెక్క, ఇంకోచోట అసలు లెక్కే లేదు. పైనుంచి చూసేవాడికి ఈ రెండూ వేరువేరు విధానాలు. కిందనుంచి చూస్తే రెండూ ఒకటే. రెండు చోట్లా పల్లెటూరి మనిషి మనిషి కింద జమకాలేదు.

కిందనుంచి చూస్తే

అయితే కిందనుంచి పోల్చటం ఎట్లా? మూడు సంగతులు పక్కపక్కన పెడతాం.

1968 మార్చి 16. వియత్నాంలో మై లై పల్లె. అమెరికా సైనికులు దిగి ఆడవాళ్ళనీ ముసలివాళ్ళనీ పసిపిల్లలనీ కాల్చేశారు. వియత్నాం వాళ్ళ లెక్క 504 మంది. ఆరోజు సైన్యం ఇచ్చిన రిపోర్టు ఏమిటి? 128 మంది శత్రువులను చంపాం, 3 తుపాకులు దొరికాయి. 128 మంది పోరాడేవాళ్ళ దగ్గర మూడే తుపాకులా అని పైవాడెవడూ అడగలేదు. ఏడాదిన్నర తర్వాత, 1969 నవంబరులో, సేమర్ హెర్ష్ అనే విలేకరి బయటపెట్టేదాకా లోకానికి తెలియదు. శిక్ష పడింది ఒక్క చిన్న అధికారికి. యావజ్జీవమన్నారు, మూడున్నరేళ్ళు ఎక్కువభాగం ఇంట్లోనే ఉంచి వదిలేశారు.

2005 నవంబరు 19. ఇరాక్‌లో హదిత పట్టణం. రోడ్డు పక్కన బాంబు పేలి ఒక అమెరికా సైనికుడు చనిపోయాడు. మిగతావాళ్ళు ఇళ్ళల్లో జొరబడి ఆడవాళ్ళూ పిల్లలూ సహా 24 మందిని చంపారు. సైన్యం మొదటి ప్రకటన ఏమిటి? 15 మంది జనం ఆ బాంబుకే చచ్చారు, 8 మంది తిరుగుబాటుదార్లను మేం చంపాం. నాలుగు నెలల తర్వాత ఒక వారపత్రిక నిజం రాసింది. చివరికి 2012లో ఒక్కడు విధినిర్వహణలో అలసత్వమని ఒప్పుకున్నాడు. జైలు లేదు.

2021 ఆగస్టు 29. కాబూల్ నగరం. ఒక తెల్లకారు మీద డ్రోన్‌తో బాంబు వేశారు. బాంబులు పెట్టుకుని వస్తున్న ఉగ్రవాదిని చంపామన్నారు, న్యాయమైన దాడి అన్నారు. చనిపోయింది సహాయసంస్థలో పనిచేసే ఒక ఉద్యోగి, అతని ఇంటివాళ్ళూ. మొత్తం పదిమంది, అందులో ఏడుగురు పిల్లలు. పత్రికలు కూపీ లాగాక సెప్టెంబరు 17న పొరపాటైందని ఒప్పుకున్నారు. ఎవరికీ శిక్ష లేదు.

ఆ కాబూల్ రోజుల్లోనే ఇంకో పోలికల పంచాయితీ నడిచింది. 1975 ఏప్రిల్‌లో సైగాన్ నుంచి అమెరికా వాళ్ళు హెలికాప్టర్లెక్కి పారిపోయినట్టు ఉంటుందా అని జులైలో అడిగితే, అట్లాంటి దృశ్యం మీరు చూడరని అధ్యక్షుడు బైడెన్ అన్నాడు. ఆగస్టు 15న కాబూల్ పడింది, రాయబార కార్యాలయం మీద హెలికాప్టర్లు తిరిగాయి. ఇది సైగాన్ కానే కాదని విదేశాంగమంత్రి ఆరోజే టీవీలో చెప్పాడు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది. ప్రపంచ పత్రికలన్నీ రెండు హెలికాప్టర్ల బొమ్మలు పక్కపక్కన వేశాయి. హెలికాప్టరు హెలికాప్టరులా ఉందా లేదా అన్నదే చర్చ. మై లై రిపోర్టునీ కాబూల్ రిపోర్టునీ పక్కపక్కన వేసినవాళ్ళు ఎంతమంది?

మా దృష్టిలో అసలు సమానధర్మం ఇది. మొదటి రిపోర్టు అబద్ధం. చచ్చినవాడు శత్రువుగా మారిపోతాడు. బయటివాళ్ళు తవ్వితే తప్ప నిజం రాదు. వచ్చాక శిక్ష ఉండదు. దాడులు జరిగిన ఊళ్ళల్లో పోలీసులు మొదటి రిపోర్టు ఎట్లా రాస్తారో చూసిన మన పాఠకులకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు.

తుపాకీ ఎవరి భుజాన?

వియత్నాం యుద్ధంలో కాలేజీలో చదివేవాళ్ళకి సైనికసేవ వాయిదా ఉండేది. కాలేజీకి పోయేది ఎవరు? డబ్బున్నవాళ్ళు, ఎక్కువగా తెల్లవాళ్ళు. నల్లవాళ్ళు జనాభాలో 11 శాతం ఉంటే, యుద్ధం మొదటి ఏళ్ళలో పోరులో చచ్చిన సైనికుల్లో 20 శాతం దాకా వాళ్ళే. 1966లో రక్షణమంత్రి మెక్‌నమారా ఇంకో పథకం పెట్టాడు. పరీక్షలో తక్కువ మార్కులొచ్చి మామూలుగా సైన్యానికి పనికిరారని తిప్పిపంపేవాళ్ళను కూడా తీసుకోవటం. పేదలకు మేలు చెయ్యటానికే అన్నారు. అట్లా మూడు లక్షలకు పైగా కుర్రాళ్ళను చేర్చుకున్నారు. వాళ్ళలో నల్లవాళ్ళు సుమారు 40 శాతం. బడిలో సీటివ్వని రాజ్యం బారక్‌లో మంచం ఇచ్చింది. అదే మెక్‌నమారా 1995లో పుస్తకం రాసి, మేం చేసింది ఘోరమైన తప్పు అన్నాడు. అప్పటికి ఆ కుర్రాళ్ళలో చాలామంది పేర్లు రాతి మీద ఉన్నాయి.

దీన్ని నిలబడి చెప్పినవాళ్ళున్నారు. 1967 ఏప్రిల్ 4న న్యూయార్క్‌లో రివర్‌సైడ్ చర్చిలో మార్టిన్ లూథర్ కింగ్ ఈ యుద్ధాన్ని ఖండించాడు. సొంత ఊళ్ళో తమకు లేని స్వేచ్ఛను ఎనిమిది వేల మైళ్ళ అవతల కాపాడటానికి నల్లపిల్లలను పంపుతున్నారని నిగ్గదీశాడు. ఏమైంది? పెద్ద పత్రికలు ఆయన మీద సంపాదకీయాలు రాశాయి. హక్కుల ఉద్యమాన్నీ యుద్ధాన్నీ కలపకూడదని సుద్దులు చెప్పాయి. సొంత ఉద్యమంలోని పెద్దలే దూరం జరిగారు. మీ సమస్య మీరు చూసుకోండి, దేశాల సంగతి మాకొదిలెయ్యండి అన్నమాట. ఈ సలహా మనమూ విన్నదే. ఆ నెల 28న ముహమ్మద్ అలీ సైన్యంలో చేరనన్నాడు. బాక్సింగు కిరీటం లాక్కున్నారు, అయిదేళ్ళ శిక్ష వేశారు. 1971లో సుప్రీంకోర్టు కొట్టేసింది గానీ పోయిన ఏళ్ళు తిరిగిరాలేదు. ఆ రోజుల్లో యుద్ధాన్ని ఎదిరించిన నల్లజాతి యువకుల సంఘం పేరు బ్లాక్ పాంథర్స్. 1972లో బొంబాయిలో మనవాళ్ళు పెట్టుకున్న దళిత్ పాంథర్స్‌కి ఆ పేరే స్ఫూర్తి.

ఇరాక్ నాటికి బలవంతపు సేవ లేదు, 1973లోనే తీసేశారు. ఇప్పుడు పేదరికమే ఆ పని చేస్తోంది. చదువు ఖర్చు, వైద్యం, పౌరసత్వం ఆశ చూపితే చాలు. 2003 మార్చిలో ఇరాక్‌లో మొట్టమొదట చనిపోయిన అమెరికా సైనికుల్లో ఒకడు గ్వాటెమాలా దేశం నుంచి వచ్చిన అనాథ కుర్రాడు. బతికుండగా అమెరికా పౌరుడు కాడు. చచ్చాక పౌరసత్వం ఇచ్చారు.

అందుకే పోలికలన్నీ చెడ్డవని మేం అనం. 2001 సెప్టెంబరు 14న అధ్యక్షుడికి యుద్ధాధికారం ఇచ్చే తీర్మానం అమెరికా కింది సభకు వచ్చింది. 420 మంది సరే అన్నారు. వద్దన్నది ఒకే ఒక్క ఓటు. ఆ ఓటు బార్బరా లీ అనే నల్లజాతి మహిళది. ఆమె కూడా పోలికే తెచ్చింది. 1964 టాంకిన్ తీర్మానం గుర్తుచేసి, అప్పుడూ ఇట్లాగే రాజుకి ఖాళీ కాగితం మీద సంతకం చేసిచ్చాం అంది. యుద్ధం మొదలుకాక ముందు, అధికారం ఎవరి చేతికి పోతోందో చూపించటానికి తెచ్చిన పోలిక అది. ఆమెకు చంపుతామని బెదిరింపులొచ్చాయి. ఇరవయ్యేళ్ళ తర్వాత కాబూల్‌లో తేలిందేమిటో అందరూ చూశారు.

మనవైపు పోలికలు

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. "ఇరాక్ మరో వియత్నాం" అన్న నినాదం మన సభల్లోనూ వినపడింది. అమెరికాను ఎదిరించేవాడు ఎవడైనా వియత్నాం వీరుడే అన్నట్టు కొందరు ఊగిపోయారు. వియత్నాంలో రైతులు భూమి కోసం, దేశం కోసం ఒక ఉద్యమం కింద నిలబడ్డారు. ఇరాక్‌లో ఆక్రమణను ఎదిరించినవాళ్ళతో పాటు, సంతల్లో, మసీదుల దగ్గర, కూలీల అడ్డాల్లో బాంబులు పెట్టి తోటి ఇరాకీలనే చంపిన మతోన్మాద ముఠాలూ ఉన్నాయి. 2006 ఫిబ్రవరిలో సమర్రాలో షియాల దర్గా పేల్చేశాక షియా, సున్నీ తెగల మధ్య ఊచకోత వేలమందిని మింగింది. ఆ తలుపు తెరిచిన పాపం దండెత్తినవాడిదే. కానీ అడ్డా మీద పనికోసం నిలబడ్డ కూలిని చంపినవాణ్ణి మనం వీరుడనలేం. బుష్ తనకు పనికిరాని మచ్చ వదిలేశాడని తిట్టి, మనం మనకు పనికిరాని మచ్చ వదిలేస్తే తేడా ఏముంది?

మన వాడకేం పని?

ఇప్పుడు మిత్రుల ప్రశ్నకొద్దాం. 1990లో కువైట్ యుద్ధం వచ్చినప్పుడు అక్కడున్న మనదేశపు కూలీలు, పనివాళ్ళు లక్షకు పైగా జోర్డాన్ మీదుగా విమానాల్లో వెనక్కి వచ్చారు. కడప నుంచీ గోదావరి జిల్లాల నుంచీ పోయిన మనవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. సద్దాం హిట్లరా కాదా అని పెద్దలు వాదించుకుంటుంటే వీళ్ళు సంపాదించింది అక్కడే వదిలి కట్టుబట్టలతో దిగారు. 2003 తర్వాత ఇరాక్‌లో అమెరికా శిబిరాల్లో వండేవాళ్ళూ ఊడ్చేవాళ్ళూ లారీలు తోలేవాళ్ళూ ఇండియా, నేపాల్, ఫిలిప్పీన్స్ వంటి దేశాల పేదలే. 2004 ఆగస్టులో 12 మంది నేపాలీ పనివాళ్ళను అక్కడి ముష్కరులు చంపేశారు. వాళ్ళ పేర్లు ఏ నల్లరాతి గోడ మీదా లేవు.

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద దండెత్తింది. నాజీలను ఏరెయ్యటానికే అని పుతిన్ చెప్పాడు. అంటే 1941 నాటి యుద్ధాన్ని తెచ్చి ముందు పెట్టాడు. అవతలివాళ్ళు పుతినే హిట్లర్, ఊరుకుంటే ఇంకో మ్యూనిక్ అన్నారు. బలమున్న దేశం పక్కదేశం మీద పడటం తప్పు. ఆ మాట చెప్పటానికి హిట్లర్ అక్కర్లేదు. ఆ యుద్ధంలోకి మనదేశపు కుర్రాళ్ళను కూడా లాగారు. సహాయకుల ఉద్యోగమని ఆశపెట్టి ఏజెంట్లు పంపితే, అక్కడ తుపాకీ చేతికిచ్చి ముందు వరసకు తోలారు. 2024లో మన హైదరాబాదు యువకుడొకడు అట్లాగే చనిపోయాడు. అతను ఏ హిట్లర్ మీద పోరాడటానికి పోయాడు? జీతం కోసం పోయాడు.

ఇదీ మన వాడకున్న పని. రేపు ఏ దేశంలో ఏ యుద్ధమొచ్చినా టీవీ ఒక పాత యుద్ధాన్ని తీసుకొస్తుంది. దాన్ని వినగానే తల ఊపకుండా, వెంటనే కొట్టిపారెయ్యకుండా, నాలుగు ప్రశ్నలు అడగటం నేర్చుకుందాం. ఈ పోలిక తెచ్చింది ఎవరు, దానివల్ల వాళ్ళకేం కావాలి? సమానధర్మంగా ఏది చూపించారు, ఏ మచ్చ వదిలేశారు? చచ్చినవాళ్ళలో ఎవరిని లెక్కపెట్టారు, ఎవరిని "అటూ ఇటూ"లో కలిపారు? తుపాకీ ఎవరి పిల్లలు మోస్తారు, వద్దన్నవాళ్ళను ఏం చేశారు?

కార్యకర్తలకు మా విన్నపం ఒకటే. వచ్చే పక్షం మీటింగుల్లో, రాత్రిబడుల్లో ఈ నాలుగు ప్రశ్నలూ నల్లబల్ల మీద రాసి చర్చ పెట్టండి. మీ ఊరి నుంచి గల్ఫ్‌కీ ఇతర దేశాలకీ పోయినవాళ్ళ పేర్లు, ఏ ఏజెంటు పంపాడు, ఏ పని అని చెప్పాడు అన్నది ఒక పుస్తకంలో రాసిపెట్టండి. యుద్ధమొచ్చిన రోజున ఆ పుస్తకమే మన దగ్గరుండే లెక్క. వాళ్ళ లెక్కలో మనవాళ్ళు ఎప్పుడూ లేరు.